కృపారాణి పక్క చోటు

మిషన్‌పేటలో ఎవరు కన్నుమూసినా మొదటి కబురు పాస్టరు గారికి పోదు, పరంజ్యోతికి పోతుంది. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేస్తారు, బాగానే ఉంది. మరి గొయ్యి సంగతో? ఆమదాలవలస నుంచి పొందూరు పోయే దారిలో, కాలవ గట్టు కింద ఉన్న ఆ చిన్న పేటలో గొయ్యి సంగతి చూసే నాథుడు ఒక్క పరంజ్యోతే. కబురందగానే గోడకి వేలాడే తాడుచుట్ట భుజాన వేసుకుంటాడు. నాలుగు ఇనపమేకులు, ఒక సుత్తి సంచిలో పడేసుకుంటాడు. ముందు అన్నం పళ్ళెం ఉన్నా సరే, చెయ్యి కడిగేసుకుని లేచిపోతాడు.

అరవై దాటిన మనిషి. హవల్దారుగా రిటైరై వచ్చి చాలా కాలమైంది గానీ, నడక చూస్తే ఇంకా పరేడు గ్రౌండులోనే ఉన్నట్టుంటుంది. పేటలో కుర్రకారుకంతా ఆయన మిలట్రీ మావ. ఊరికే కూర్చోవడం ఆయన ఒంటికి పడదు. తెల్లారగానే ఆర్మీ సెలక్షన్లకి పోయే కుర్రాళ్ళని కాలవ గట్టు మీద పరిగెత్తిస్తాడు. ఎవరికైనా రక్తం కావాలంటే తన చొక్కా చెయ్యి మడిచి, ఇంకో నలుగురి చేత మడిపిస్తాడు. పంద్రాగస్టుకి బడిలో జెండా ముడి ఆయన వేస్తేనే మేష్టర్లకి ధైర్యం. ఇన్ని చేసినా ఆయన అసలు డ్యూటీ మాత్రం సమాధుల తోటలోనే.

ఆ తోట మిషను దొరలు ఎప్పుడో ఇచ్చిన స్థలం. పరంజ్యోతి చేతికి రాకముందు అదంతా ఒక గందరగోళం. ఎవరికి తోచినచోట వాళ్ళు తవ్వేవారు. పార వేస్తే పాత పెట్టెల చెక్కలు తగిలేవి. కాస్త కలిగిన కుటుంబాలు తమ సమాధి చుట్టూ ఇంకో ముగ్గురికి సరిపడా రెయిలింగు కట్టేసుకునేవి. చచ్చాక కూడా ఆక్రమణలేనా, ఏం మనుషులో! పరంజ్యోతి తాడు కట్టి వరసలు తీశాడు. తల పడమరకి, కాళ్ళు తూర్పుకి. ప్రభువు వచ్చిన రోజున లేచి కూర్చుంటే ఎదురుగా పొద్దు కనబడాలి కదా. వరసలో ఒకరి తరవాత ఒకరు. పెద్దా చిన్నా తేడా లేదు, ముందుగా చోటు ఆపుకోవడాలు లేవు. "ఎవుడి వంతు వస్తే ఆడే ఆ సోట్లో పడుకుంటాడు. ఇది ఆర్డరు" అని సంఘం మీటింగులో లేచి నిలబడి చెప్పాడు. ఎవరూ నోరెత్తలేదు.

ఆయనకి ఇంకో అలవాటుంది. అదంటేనే పేట ఆడవాళ్ళకి వణుకు. గొయ్యి తవ్వడం అయ్యాక అందులోకి దిగి, వెల్లకిలా పడుకుని చూస్తాడు. పట్టాళంలో ఆయనది సాపర్ల పని. కందకాలు తవ్వడం, వంతెనలు కట్టడం, భూమిలో పాతిన మందుపాతరలు వెతికి తియ్యడం. కందకం తవ్వినవాడు తానే అందులో పడుకుని కొలత చూసుకోవాలని అక్కడ నేర్పారు. ఆ నేర్పిన పని ఇక్కడా వదల్లేదు.

"ఓలమ్మ, బతికున్న మనిసి గోతిలో పడుకోడవేటి మావా?" అని ఎవరైనా గుండెలు బాదుకుంటే, "ఇరుగ్గా ఉంటే ఆడు లేచొచ్చి సెప్తాడేటి? నానే కదా సూడాల" అంటూ లేచి వీపు మట్టి దులుపుకునేవాడు.

ఇంత పద్ధతి గల మనిషీ ఒకేఒక్క అబద్ధం ఆడాడు. ఆ అబద్ధం ఆయన భార్య కృపారాణి సమాధి పక్కన ఉంది. అదెలా వచ్చిందో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

పరంజ్యోతి తండ్రి రైసుమిల్లులో కళాసీ. కొడుక్కి మీసాలొచ్చే వేళకి, విజయనగరంలో పట్టాళానికి మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసింది. పరంజ్యోతి పక్కింటి థామస్‌ని వెంటేసుకుని రైలెక్కాడు. ఇద్దరూ ఒక ఈడువాళ్ళు. ఒకే బెంచీ మీద చదువుకున్నారు, ఏ ఇంట్లో కూర బాగుంటే ఆ ఇంట్లో తిన్నారు. ఆ రోజు పరుగులో థామసే ముందొచ్చాడు. కానీ పాదాలు చదునుగా ఉన్నాయని డాక్టరు తిప్పి పంపేశాడు.

"పోనీలేరా, నువ్వు దేశాన్ని సూడు. నాను పేటని సూస్తాను" అని నవ్వేశాడు థామస్. ఆమదాలవలస బజార్లో కుట్టుమిషను పెట్టుకున్నాడు.

నవ్వుతూ అన్నా ఆ మాట నిలబెట్టుకున్నాడు. పరంజ్యోతి రాజస్థాన్ ఇసకలోనో కాశ్మీరు మంచులోనో ఉంటే, ఇక్కడ తుపానుకి ఇంటి రేకులు లేచిపోయినప్పుడు ఎక్కి బిగించింది థామస్. పరంజ్యోతి తల్లికి పక్షవాతం వస్తే ఆసుపత్రికి చేతుల మీద మోసుకెళ్ళింది థామస్. కూతురు షాలిని పుట్టిన రోజున ఆసుపత్రి గుమ్మంలో పడిగాపులు కాసింది కూడా థామసే. కన్నతండ్రి ఆ పిల్లని మొదటిసారి చూసేసరికి దానికి పళ్ళొచ్చేశాయి.

కృపారాణి పరంజ్యోతికి సొంత మేనమామ కూతురు. చిన్నప్పట్నుంచీ 'బావా' అనే పిలుపు, పెళ్ళయ్యాక కూడా అదే ఉండిపోయింది. పట్టాళం మనుషులున్న ఇళ్ళల్లో ఒక పద్ధతుంటుంది. మా జిల్లాల్లో ఆ పద్ధతి తెలియని ఊరుండదు. సెలవు మీద వచ్చిన మనిషికి చెడ్డ కబురు చెప్పకూడదు. ఏడాదికోసారి వస్తాడు, ఆ నాలుగు రోజులూ నవ్వుతూ గడిచిపోవాలి. తగువులూ జ్వరాలూ ఏడుపులూ అన్నీ బండి కదిలాకే. కృపారాణి ఆ పద్ధతిని బైబిలు వాక్యంలా పాటించింది. కాలు బెణికి వాచినా ఆయన ఎదుట కుంటేది కాదు. సొంత తమ్ముడు పోయిన సంగతి ఆయన సెలవు ముగిశాక, మళ్ళీ డ్యూటీలో చేరాక ఫోనులో చెప్పింది. మహా గట్టి మనిషి.

సెలవు అయిపోయిన రోజున శ్రీకాకుళం రోడ్ స్టేషనుకి తానూ వచ్చేది. చేగోడీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చునేది. బండి వచ్చి ఆగాక ఆయన కాళ్ళే ముందుకు పడేవి కావు.

"ఎళ్ళు బావా, ఎళ్ళు. నానేటి, ఎక్కడికి పోతాను? ఇక్కడే ఉంటాను" అనేది.

ప్రతిసారీ అదే మాట. బండి కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడేది. ఇంటికెళ్ళాక ఏడ్చేదో లేదో పరంజ్యోతికి ఈనాటికీ తెలియదు.

సరే, ఆ ఉద్యోగమూ ఒక రోజుకి అయిపోయింది. నల్లపెట్టె, మెడల్సు, మంచులో బిగుసుకుపోయిన మోకాళ్ళు వెంటేసుకుని వచ్చేశాడు. "ఇంక నీ పక్కనుంచి కదల్ను" అన్నాడు. ఆమె నమ్మినట్టే నవ్వింది. కానీ అదేం ఖర్మో, ఇన్నేళ్ళూ సెలవు మొగుణ్ణే చూసిన మనిషికి ఇంట్లో ఉండిపోయిన మొగుడితో ఎలా ఉండాలో తెలియలేదు. ప్రతి రోజునీ సెలవు రోజులాగే నడిపింది. రోజూ ఆయనకిష్టమైన కూర, రోజూ నవ్వు మొహం. పొత్తికడుపులో నొప్పి అప్పటికే చాన్నాళ్ళుగా ఉంది. ఇప్పుడే కదా వచ్చాడు, ఇంకో నెల పోయాక చెబుదాం అనుకుంది. ఆ నెల పోయాక మళ్ళీ అదే అనుకుంది.

ఒక రోజు కుళాయి దగ్గర బిందెతో సహా కూలబడిపోయింది. అప్పటిదాకా పరంజ్యోతికి ఏమీ తెలియదు. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఆమెని చూసి, ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారని ఆయన మీద కేకలేసింది. ఆయన అటెన్షన్లో నిలబడి అన్నీ విన్నాడు. మట్టి కింద దాచిన మందుపాతర జాడ పట్టినవాడికి, ఒకే మంచం మీద పడుకున్న మనిషి నొప్పి జాడ తెలియలేదు. ఆ సిగ్గు ఆయన్ని ఇప్పటికీ తినేస్తోంది.

ఆఖరి రోజుల్లో కృపారాణి అడిగింది ఒక్కటే. "ఇకనైనా నా పక్కనుంటావా బావా?"

"ఉంటానే. నీ పక్క సోటు నాదే. ఎవుడికీ ఇవ్వను."

ఆమె ఆ చెయ్యి పట్టుకునే నిద్రపోయింది. ఆ వారంలోనే పోయింది.

ఆమెకి గొయ్యి తవ్వుతుంటే ఎవరిదో పాత పెట్టె చెక్క, దాని వెనకే ఎముక బయటపడ్డాయి. అది చూసి పరంజ్యోతి గట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తాడు పట్టుకోవడం, వరసలు తియ్యడం, ఆర్డరు వెయ్యడం, అన్నీ ఆ తరవాతే. కృపారాణి సమాధి దగ్గర్నుంచే కొత్త వరస మొదలైంది. మరి ఆ ఆర్డరు ప్రకారం తరవాతి మనిషికి రావలసింది కృపారాణి పక్క చోటే కదా! ఆ తరవాత ఎవరో పోయినప్పుడు పరంజ్యోతి తాడు తెచ్చాడు. ఒక చోటు వదిలేసి, దాని అవతల మేకు కొట్టాడు.

"ఇక్కడ కింద బండ ఉన్నాది. పార దిగదు" అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా.

అదంతా కాలవ ఒండ్రు మట్టి. చిన్న గులకరాయి కూడా దొరకదు, ఇంక బండ ఎక్కణ్ణుంచి వస్తుంది! తవ్వేవాళ్ళందరికీ తెలుసు, ఒక్కరూ కిక్కురుమనలేదు. పైగా పొరుగూరి చుట్టమెవరైనా వచ్చి, వరస మధ్యలో ఆ ఖాళీ ఏమిటని అడిగితే, "అక్కడ బండ ఉన్నాది లెండి" అని పేటవాళ్ళే చెప్పేవారు. ఏళ్ళ తరబడి ఆ లేని బండని పేటంతా కలిసి కాపాడింది. మిషన్‌పేట వాళ్ళకి సవాలక్ష వంకలున్నాయి గానీ, ఇలాంటివి చూస్తే వాళ్ళని తిట్టడానికి నోరు రాదు.

ఇక థామస్ సంగతి. కృపారాణి పోయిన కొత్తలో థామస్ భార్య వెంకటలక్ష్మి పలకరింపుకొచ్చి, ఏడుస్తూ ఏడుస్తూ ఉన్నమాట బయటపెట్టేసింది.

"ఎంత సెప్పినా ఇన్నేదు అన్నయ్యా. మా ఆయన ఒకపాలి శ్రీకాకుళం ఆసుపత్రికి కూడా తీసుకెళ్ళినారు. బావకి సెప్తే నా మీద ఒట్టే అన్నాది. ఆయన సెప్పలేక, ఉండలేక నలిగిపోయినారు."

పరంజ్యోతి గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. అంటే థామస్‌కి తెలుసు! తను వచ్చిన ప్రతి సెలవులోనూ ఇదే అరుగు మీద పక్కపక్కన కూర్చుని టీ తాగినవాడికి తెలుసు. నాకెందుకు సెప్పలేదురా అని ఒక్కసారి కాలరు పట్టుకుని అడిగేస్తే ఆ రోజుతో తేలిపోయేది. అడగలేదు. మనసులో పెట్టుకున్నాడు, పైకి మామూలుగానే ఉన్నాడు. పేటలో ఎవరు పోయినా పెట్టె లోపల పరిచే తెల్లగుడ్డ థామస్ కుట్టేవాడు, గొయ్యి పరంజ్యోతి తవ్వేవాడు. అలా ఇద్దరూ కలిసి ఎంతోమందిని సాగనంపారు.

నాలుగేళ్ళ కిందట వెంకటలక్ష్మి గుండెనొప్పితో పోయింది. మట్టి పూడ్చి అందరూ వెళ్ళాక థామస్ ఒక్కడూ ఆగాడు.

"ఒరే పరంజ్యోతీ, నీకెప్పుడూ ఏటీ అడగలేదు. దాని పక్క సోటు నాకుంచరా."

పరంజ్యోతి తాడు చుట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు. "ఆర్డరంటే ఆర్డరేరా. నీకొకటీ, ఊరికొకటీనా?"

ఆ గొంతులో ఉన్నది ఆర్డరొక్కటే కాదు. అది పరంజ్యోతికీ తెలుసు, బహుశా థామస్‌కీ తెలుసు. థామస్ మెల్లిగా తల తిప్పి, కృపారాణి పక్కన గడ్డి మొలిచిన ఖాళీకేసి చూశాడు. ఒక్క మాట అంటే చాలు, పరంజ్యోతి నోరు పడిపోయేది. అనలేదు. కండువాతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకే ఇటుకబట్టీలో పనికొచ్చిన ఒడిశా మనిషొకడు జ్వరంతో పోయాడు. ప్రభువుని నమ్ముకున్నవాడు, మోసుకుపోయే దిక్కు లేనివాడు. వంతు ప్రకారం వెంకటలక్ష్మి పక్కన అతన్ని పెట్టారు. అతని పెట్టెకీ తెల్లగుడ్డ కుట్టింది థామసే.

ఆ తరవాత థామస్ మాట్లాడ్డం మానలేదు. అంతకంటె పెద్ద పని చేశాడు. దారిలో ఎదురైతే ఆగి, చేతులు జోడించి, "వందనాలు బ్రదర్" అనేవాడు. నిక్కర్ల నాటి నుంచి ఒరే అన్నవాడు! తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది. పరంజ్యోతి కూడా మొహం బిగించుకుని "వందనాలు" అనేవాడు. షాలిని పెళ్ళయి వెళ్ళిపోయిన ఆ ఇంట్లో, అరుగు మీద టీ ఒక్క గ్లాసుకే పరిమితమైపోయింది.

కరోనా వచ్చిన ఏడాది వరసలన్నీ గబగబా నిండిపోయాయి. ఆ తరవాత మిగిలిన మూలలూ నిండాయి. కాలవ అవతల కొత్త స్థలం చూపించారు గానీ, అది పల్లం. వానాకాలం మోకాలి లోతు నీళ్ళు. ఎండలొచ్చాక మట్టి పోయించి చదును చేయిద్దామని సంఘం అనుకుంది. చావులు ఎండల కోసం ఆగుతాయా?

మొన్న ఆగస్టులో, ముసురు పట్టిన రోజున, పరంజ్యోతి పొద్దున్నే చద్దన్నానికి కూర్చున్నాడు. ధర్మేంద్ర తడుస్తూ పరిగెత్తుకొచ్చాడు. ఆయన దగ్గర పరుగు నేర్చుకుని సెలక్షన్లో తప్పి, ఇప్పుడు తాపీపనికి పోతూ, ప్రతి గోతికీ పార పట్టే కుర్రాడు.

"మావా, థామస్ మావ పోయినాడు. మిషను మీద గుడ్డ పెట్టుకుని అలాగే ఒరిగిపోయినాడంట."

పరంజ్యోతి చెయ్యి కడుక్కున్నాడు. అలవాటు ప్రకారం తాడుచుట్ట భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. ఎక్కడని తవ్వడం? ఆ పెద్ద తోటలో చోటు ఒక్కటే ఉంది.

ప్రార్థన గుడి వరండాలో పెద్దలు కూర్చున్నారు. వాన చినుకులు రేకుల మీద టపటపమంటున్నాయి. థామస్ కూతురు ఝాన్సీ కళ్ళు వాచిపోయి ఒక స్తంభానికి ఆనుకుని ఉంది. ఆమె పొందూరులో టీచరు. తండ్రి పెట్టెకి తెల్లగుడ్డ ఆయన మిషను మీదే తాను కుట్టి వచ్చింది. సంఘపెద్ద అప్పలసూరి గొంతు సవరించుకున్నాడు.

"టౌను తోటలో అడిగి సూసినాం. ఆళ్ళోళ్ళకే సోటు లేదంట. కొత్త స్థలం నీళ్ళల్లో ఉన్నాది. వెంకటలక్ష్మి సమాధి తెరిసి, అందులోనే పెడదామా అంటే నాలుగేళ్ళేనాయె, తెరవకూడదు."

పాస్టరు సంజయ్ గారు కొత్తగా వచ్చిన మనిషి, చిన్నవాడు. పాపం, ఆయనకేం తెలుసు? "మొదటి వరసలో ఒక ఖాళీ చూశానండీ. అక్కడ కుదరదా?" అన్నారు.

ఎవరూ పరంజ్యోతికేసి చూడలేదు. అప్పలసూరే అందుకున్నాడు. "అక్కడ కుదరదండీ పాస్టరుగారూ. అక్కడ బండ ఉన్నాది."

"అవునండీ" అంది ఝాన్సీ, ముక్కు తుడుచుకుంటూ. "అక్కడ బండ ఉంది. నాన్న కూడా ఎప్పుడూ అదే చెప్పేవారు. ఎవరడిగినా చెప్పేవారు. ఇంకేదైనా చూడండి."

పరంజ్యోతి తలెత్తి ఆ పిల్లకేసి చూశాడు. నాన్న కూడా చెప్పేవారు! వెంకటలక్ష్మి పక్క చోటు దక్కనివాడు, ఆ ఖాళీని కళ్ళారా చూసి ఊరుకున్నవాడు, ఇంటికెళ్ళి కన్నకూతురికి కూడా అక్కడ బండ ఉందనే చెప్పాడు. ఇంక ఆ వరండాలో కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. లేచి తాడు సర్దుకున్నాడు.

"ధర్మేంద్రా, పారలట్టుకుని రా" అన్నాడు. "పెట్టె సాయంత్రానికి తెచ్చీమను."

తోటలో గడ్డి తడిసి ముద్దయి ఉంది. పరంజ్యోతి తిన్నగా కృపారాణి సమాధి దగ్గరికి వెళ్ళి తాడు విప్పాడు. కుర్రాళ్ళు దూరంగా ఆగిపోయారు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ధర్మేంద్ర దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"మావా, ఇక్కడ బండ కదా. గోడవార దారి తవ్వీద్దాం. కాస్త ఇరుకైనా సరిపెట్టీగలం."

"మేకు ఇలాగియ్యి."

మేకు నిలబెట్టి సుత్తితో కొట్టాడు. ఒక్క దెబ్బకే సగం దిగింది. రెండో దెబ్బకి తల దాకా దిగిపోయింది. ధర్మేంద్ర తలొంచుకుని, "ఒక్కోసోట బండ బాగా లోతుకుంటాది మావా" అన్నాడు. ఆ కుర్రాడు ఆయన్ని చివరిదాకా కాపాడాలనే చూశాడు. పరంజ్యోతి వాడి భుజం తట్టి పార అందుకున్నాడు.

ఆ రోజు ఎక్కువ భాగం తానే తవ్వాడు. మోకాళ్ళు సహకరించకపోయినా ఎవరినీ దిగనివ్వలేదు. కృపారాణి వైపు మట్టి జారకుండా చేత్తో ఒత్తుకుంటూ, అరచేత్తో మెత్తుకుంటూ తవ్వాడు. గొయ్యి అయ్యాక, పార పైకి విసిరి, ఎప్పట్లాగే వెల్లకిలా పడుకున్నాడు. కుర్రాళ్ళు అటు తిరిగి నిలబడ్డారు.

పైన చిన్న ఆకాశం. సన్నటి తుంపర మొహం మీద పడుతోంది. ఎడమ పక్కన మూరెడు మట్టి, దాని అవతల కృపారాణి. ఎన్నేళ్ళుగా ఎదురుచూసిన చోటిది! ఇందులో పడుకోవడం కోసమే కదా ఆయన ఇన్నాళ్ళూ ఒక్కడే వండుకుని, ఒక్కడే తిని, చావుకి భయపడకుండా బతికాడు. ఎడమ చెయ్యి చాపి ఆ గోడ మీద పెట్టాడు. తడి మట్టి చల్లగా తగిలింది.

"వచ్చీసినానే" అన్నాడు. కళ్ళ నుంచి కారేదీ పైనుంచి పడేదీ కలిసిపోయి చెవుల్లోకి జారాయి. ఇంకొంచెంసేపు అలాగే ఉండిపోయాడు. లేవాలనిపించలేదు.

గుడి గంట మొదలైంది. పెట్టె బయల్దేరిందన్నమాట.

"మావా" అని పిలిచాడు ధర్మేంద్ర, అటు తిరిగే. "ఎలాగున్నాది?"

"సాలు" అన్నాడు పరంజ్యోతి లేచి కూర్చుంటూ. "ఆడికి సరిపోద్ది. కాళ్ళ దగ్గర ఇంకో బెత్తెడు తియ్యండి. ఆడు నాకంటె పొడుగు."

పేటంతా వచ్చింది. పాస్టరు గారు వాక్యం చదివారు. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. పెట్టె దించుతుంటే ఝాన్సీకి ఆ గొయ్యి ఎక్కడుందో అప్పుడు తెలిసింది. పక్కనున్న రాతి మీద కృపారాణి పేరు చూసింది. పరంజ్యోతి చేతులు రెండూ పట్టుకుని, "మావయ్యా, ఇది మీ చోటు కదా మావయ్యా" అని బావురుమంది. ఆయన ఆ పిల్ల తల నిమిరాడు. "మీ నాన్న నడుం నొప్పి మనిసమ్మా, మట్టి మెత్తగున్న సోటే కావాల ఆడికి" అన్నాడు.

అందరూ వెళ్ళిపోయారు. వాన వెలిసింది. పరంజ్యోతి మేకులు పీకి, మట్టి తుడిచి సంచిలో వేసుకున్నాడు. తాడు చుట్టాడు. పాత సమాధికీ కొత్త మట్టికీ మధ్య మనిషి పట్టే చోటు లేదు. కృపారాణి కాళ్ళ వైపు నిలబడ్డాడు.

"వస్తాను మరి" అన్నాడు, స్టేషన్లో అన్నట్టే. ఆ తరవాత ఆమె ఏమనేదో ఆయనకి తెలుసు. ఎళ్ళు బావా, నానెక్కడికి పోతాను, ఇక్కడే ఉంటాను. అవును, ఆమె ఇక్కడే ఉంటుంది. పోతున్నది మళ్ళీ తనే. రేపో మాపో ఆయన వంతు వస్తే కాలవ అవతల, ఆ నీళ్ళ పల్లంలో, తెలిసినవాళ్ళెవరూ లేని కొత్త వరసలో పడుకోవాలి. ఇచ్చిన మాట తప్పాడు. ఈసారి పంపింది పట్టాళం కాదు. తనే వెళ్తున్నాడు.

కొత్త మట్టి మీద మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వీపు అదిరేలా ఏడ్చాడు. అరచెయ్యి ఆ తడిమట్టి మీద ఆనించి, నాలుగేళ్ళ నుంచీ నోట్లోనే ఆగిపోయిన పిలుపు పిలిచాడు.

"ఒరే థామసూ... దానికి ఒంట్లో బాగోపోతే సెప్పదురా. ఈపాలైనా నువ్వు నాకు సెప్పు."